ఎండాకాలం కాఖేతి: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

టిబిలిసిలో మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి జులైలో వెళ్లే అమ్మానాన్నలకీ, దుబాయ్, దోహాల నుంచి నాలుగు రోజుల సెలవు మీద దిగే కుటుంబాలకీ అక్కడ అందరూ చెప్పేది ఒకటే మాట: "కాఖేతి వెళ్లి రండి, ఒక్క రోజులో అయిపోతుంది." అయిపోదు. జార్జియా తూర్పు అంచున ఉన్న ఈ ద్రాక్ష సీమలో చర్చిలు, కోటలు, నేలమాళిగలు ఎన్నో ఉన్నాయి. దేశంలోని ద్రాక్షతోటల్లో సింహభాగం కూడా ఇక్కడే. ఒక్క రోజులో అన్నీ చుట్టేద్దామనుకుంటే పదకొండు గంటలు వ్యాన్‌లో కూర్చుని, ప్రతిచోటా ఇరవై నిమిషాలు దిగి ఎక్కడమే మిగులుతుంది. వేసవిలో ఎండ కూడా తోడవుతుంది. అలజాని లోయలో జులై, ఆగస్టు మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి ఏది ప్రసిద్ధం అన్న లెక్క పక్కన పెట్టి, ఏ గంటకి ఎక్కడ నీడ దొరుకుతుందో చూసి ఎంచుకోండి.

ఇంకో సంగతి ముందే తెలిస్తే మంచిది. పోస్టర్లలో కనిపించే ద్రాక్షకోత, కాళ్లతో పళ్లు తొక్కడం వేసవిలో ఉండవు. ర్త్వెలి అనే ఆ కోత పండగ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా సాగుతుంది. జులైలో కాయ పచ్చిగా, గట్టిగా ఉంటుంది. నల్ల రకం సపెరవి రంగు తిరిగేది ఆగస్టులో. జులైలో ఎవరైనా "కోత అనుభవం" అమ్ముతుంటే అది నాటకమే. కాకపోతే వేసవికి వేరే లాభం ఉంది. కిందటేడు భూమిలో దాచిన వైన్‌ని వసంతంలో మూత తీసి వేరుచేస్తారు. అందుకే రుచి చూడ్డానికి సరుకు సిద్ధంగా ఉంటుంది, చెప్పేవాళ్లకి తీరికా ఉంటుంది. సెప్టెంబరు చివర్లో అదే రైతుకి మీతో మాట్లాడే పాటి సమయం కూడా ఉండదు.

సిగ్నాగి వైపా, తెలావి వైపా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. సిగ్నాగి టిబిలిసికి సుమారు 110 కి.మీ. ఆగ్నేయంగా, లోయ మీదకి తొంగిచూసే గట్టు మీద ఉంది. తెలావికి గొంబోరి కనుమ మీదుగా వెళ్తే దగ్గర దారి, గుర్జాని మీదుగా చుట్టు తిరిగి వెళ్తే చాలా ఎక్కువ. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 60 కి.మీ., గంటకి పైనే పడుతుంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఆ గంటతో పాటు మీ మధ్యాహ్నమంతా రోడ్డు మీదే ఆవిరవుతుంది.

సిగ్నాగి అందమైన ఊరే. 18వ శతాబ్దంలో రెండో ఎరెక్లె రాజు కట్టించిన ప్రాకారం నాలుగున్నర కిలోమీటర్లు, 23 బురుజులు. దానిమీద కొంత దూరం నడవొచ్చు, టికెట్ అక్కర్లేదు. అయితే 2000ల నడుమ ఊరి ముఖాన్ని ప్రభుత్వం మొత్తం మరమ్మతు చేయించింది. అందుకే పాత వీధుల్లో నడుస్తున్నా కొత్త సున్నం వాసన కొట్టినట్టుంటుంది. వీధులన్నీ రాళ్లు పరిచినవి, ఏటవాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ప్రాకారం మెట్లు కష్టం. ఊరి మ్యూజియంలో పిరోస్మాని చిత్రాలున్నాయి. ఈ ప్రాంతంలోని మిర్జాని గ్రామంలో పుట్టి, పేదరికంలోనే పోయిన చిత్రకారుడు ఆయన. ఎండ వేళ అక్కడ దూరడం మంచి ఉపాయం. సోమవారం మాత్రం వెళ్లకండి, మూసి ఉంటుంది.

ఎదురుగా కాకసస్ కొండల వరస కనబడుతుందని అందరూ చెబుతారు. వేసవిలో పొద్దున తొమ్మిది దాటాక లోయ మీద మబ్బుమబ్బుగా వేడి పొర కమ్ముకుంటుంది. ఆ దృశ్యం కావాలంటే రాత్రి సిగ్నాగిలోనే ఉండి తెల్లవారుజామున చూడాలి. లేదంటే వాన వెలిసిన సాయంత్రం చూడాలి. టిబిలిసి నుంచి పొద్దున బయల్దేరి పదకొండింటికి చేరేవాళ్లకి కనిపించేది తెల్లటి ఆవిరే.

తెలావి ఊరు అంత సొగసుగా ఉండదు. చూడదగ్గవి దాని చుట్టూ ఉన్నాయి: అలవెర్ది, ఇకాల్తో, షుఆమ్తా, త్సినందాలి, నది దాటితే గ్రెమి, నెక్రెసి, క్వారెలి. ఒకదానికొకటి పది, ఇరవై కిలోమీటర్ల దూరం, మధ్యలో చెట్ల నీడ. మా మాట: ఒక్క రోజే ఉంటే తెలావి వైపు వెళ్లండి. రెండు రోజులుంటే మొదటి రోజు తెలావి చుట్టుపక్కల చూసి, సాయంత్రానికి సిగ్నాగి చేరి అక్కడ పడుకోండి. మర్నాడు పొద్దున కొండలు చూసి, బోడ్బే మఠం మీదుగా తిరుగు ప్రయాణం కట్టండి. ఊరు చూడ్డం, ఫొటోలు దిగడం, మంచి హోటల్లో రాత్రి గడపడమే కావాల్సిన కొత్త జంటకి సిగ్నాగే సరి. చర్చిల మీద ఆసక్తి లేనివాళ్లని తెలావి చుట్టూ తిప్పితే వాళ్లూ విసుగెత్తుతారు, మీకూ విసుగే.

ఏ నేలమాళిగ?

కాఖేతికి వెళ్లి వైన్ నేలమాళిగ చూడకుండా రావడం మంగళగిరి వెళ్లి పానకం తాగకుండా రావడమే. అయితే అన్నీ ఒకటి కావు, రోజుకి రెండు మించి చూడకూడదు కూడా. మూడోదానికి నాలుక పనిచేయదు.

కుటుంబాలు నడిపే నేలమాళిగని మరాని అంటారు. పైనుంచి చూస్తే గచ్చు నేల, అందులో గుండ్రటి మూతలు, అంతే. ఆ మూతల కింద మెడదాకా పూడ్చిన మట్టి బానలుంటాయి. వీటినే క్వెవ్రి అంటారు. మన ఊళ్లలో ధాన్యం పాతర వేసేవాళ్లు చూడండి, అదే ఆలోచన. పాతరలో గింజకి పురుగు పట్టకూడదు, ఇక్కడ ద్రాక్షరసానికి వేడి తగలకూడదు. బాన కోడిగుడ్డు ఆకారంలో అడుగు సన్నగా ఉంటుంది. వెచ్చగా ఉన్నప్పుడే లోపలి గోడకి తేనెమైనం పూస్తారు. దాంతో మట్టి రంధ్రాలు పూడతాయి. కాఖేతి పద్ధతిలో తెల్లద్రాక్ష రసాన్ని తొక్క, గింజ, కాడతో సహా బానలో పోసి, పొంగు ఆగాక మూత బిగించి ఐదారు నెలలు వదిలేస్తారు. గింజలు సన్నటి అడుగుకి జారి కూర్చుంటాయి, వాటిమీద తొక్కలు పేరుకుంటాయి. అందుకే గింజల చేదు వైన్‌లోకి అంతగా దిగదు. బాన ఆకారం వెనకున్న కిటుకు ఇదే. ఈ పద్ధతికి 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

వేసవిలో వెళ్తే ఖాళీ బానలు కడగడం కూడా చూడొచ్చు. చెర్రీ చెట్టు బెరడు ముక్కల్ని గుత్తిగా గుచ్చి పొడవాటి కర్రకి బిగించిన బ్రష్‌ ఒకటి ఉంటుంది. పైనుంచి దాన్ని దింపి గోడలు రుద్దుతారు. మళ్లీ మళ్లీ నీళ్లు పోసి తోడేస్తారు. చివరికి వచ్చిన నీళ్లు తాగడానికి పనికొచ్చేంత తేటగా ఉంటే బాన శుభ్రమైనట్టు. అడిగితే మిమ్మల్నీ ఓసారి రుద్దనిస్తారు. పిల్లలకి దీనికి మించిన కాలక్షేపం ఉండదు.

అసలైన మరానికీ, టూరిస్టుల కోసం అలంకరించినదానికీ తేడా పట్టడం కష్టమేం కాదు. పెరట్లో బానల్ని నేల మీద నిలబెట్టి పూలమొక్కలు పెట్టారా? అది అలంకారం. మీ గ్లాసులో పోసిన తెల్లద్రాక్ష వైన్ ఏ రంగులో ఉందో చూడండి. క్వెవ్రిలో తొక్కతో ఊరినదైతే తేనె రంగు, ఒక్కోసారి పలుచటి టీ డికాషన్ రంగు. గడ్డి రంగులో పాలిపోయి ఉంటే స్టీలు ట్యాంకులో చేసినదే, బాన పక్కన నిలబెట్టి పోసినంత మాత్రాన క్వెవ్రి వైన్ అయిపోదు. "ఇది ఏ బానలోంచి తీశారు?" అని అడగండి. చేసినవాడైతే వేలు పెట్టి చూపిస్తాడు. ఇక రుచి సంగతి: మొదటిసారి తాగేవాళ్లలో సగం మందికి ముఖం చిట్లుతుంది. పాడైందని అనుకోకండి, అది తొక్క, కాడల నుంచి వచ్చిన వగరు. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నప్పుడు నాలుక పట్టినట్టుంటుందే, అదే. పక్కన జున్నుముక్క, అక్రోటు పెట్టేది ఆ వగరు కోసమే.

రెండో రకం క్వారెలిలోని సొరంగం. కొండని తొలిచిన ఈ సొరంగాల మొత్తం పొడవు 7.7 కి.మీ., లోపల ఏడాది పొడవునా 12 నుంచి 14 డిగ్రీలు. ఖరేబా అనే కంపెనీ నడుపుతోంది. వైన్ ఎలా చేస్తారో అర్థం చేసుకోవడానికి ఇది మరానికి సాటి రాదు. వరసగా సీసాలు, గైడు వల్లించే పాఠం, గుంపు. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి బయట 36 డిగ్రీలు కాస్తుంటే, తాగని పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. చున్నీయో శాలువాయో వెంట తీసుకెళ్లండి. చెమటతో లోపలికెళ్లి అరగంట నిలబడితే వణుకు పుడుతుంది.

క్వెవ్రి బానలు తయారయ్యే చోటు చూడాలంటే తెలావి పక్కన వర్దిసుబాని గ్రామం ఉంది. మట్టి తాడు పేనినట్టు వరస మీద వరస పెట్టి, ఒక వరస ఆరాక ఇంకోటి పెడతారు. పెద్ద బాన ఒకటి లేవడానికి నెలలు పడుతుంది. తాగనివాళ్లకి మరాని కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. నపరెయులి గ్రామంలో క్వెవ్రి మ్యూజియం కూడా ఉంది. తీరికుంటే సరే, లేకపోతే పర్వాలేదు.

ఒక చిన్న సవరణ కూడా. "ఎనిమిది వేల ఏళ్ల వైన్ కాఖేతిలో పుట్టింది" అని బ్రోచర్లు రాస్తుంటాయి. 2017లో ప్రకటించిన ఆ ఆధారాలు, క్రీ.పూ. 6000 నాటి కుండ పెంకుల్లో దొరికిన ద్రాక్ష ఆనవాళ్లు, కాఖేతివి కావు. టిబిలిసికి దక్షిణాన క్వెమో కార్త్‌లిలోని గదచ్రిలి గోరా, షులవెరిస్ గోరా దిబ్బల్లో దొరికాయి. ఆ దిబ్బల దగ్గర యాత్రికులకి చూడ్డానికేమీ లేదు. ఆ కాలపు కుండల కోసం టిబిలిసిలోని జాతీయ మ్యూజియానికి వెళ్లడం నయం.

చర్చిల్లో ఏవి?

దారిలో అరగంట ఆగేది పోను, రోజుకి రెండు చాలు. మూడోది చూసేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అలవెర్ది వదలొద్దు. 11వ శతాబ్దపు కట్టడం, యాభై మీటర్లకి పైన ఎత్తు. టిబిలిసిలో సమెబా కట్టేదాకా జార్జియాలో దీనంత ఎత్తైన చర్చి లేదు. చదునైన లోయ నడుమ ఒంటరిగా నిలబడి ఉంటుంది కాబట్టి దూరం నుంచే కనిపిస్తుంది. లోపల గోడలు చాలావరకు బోసిగా ఉంటాయి. రష్యన్ల కాలంలో సున్నం కొట్టేశారు, తర్వాత కొన్ని చిత్రాలు బయటికి తీశారు. ఆ బోసితనం వల్లే ఎత్తు మరింత తెలుస్తుంది. ఇక్కడి సన్యాసులు ఇప్పటికీ క్వెవ్రిల్లో వైన్ చేస్తారు, అయితే వాళ్ల మరాని అందరికీ తెరిచిన చోటు కాదు. దుస్తుల విషయంలో అలవెర్దిలో పట్టింపు ఎక్కువ. మగవాళ్లు నిక్కర్లతో వెళ్లకూడదు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, పాంటు వేసుకుంటే పైన గుడ్డ చుట్టుకోవాలి. గుమ్మం దగ్గర గుడ్డలు పెడతారు గానీ రద్దీ రోజుల్లో అయిపోతాయి. చీర కట్టుకున్నవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, కొంగు తలమీదకి లాక్కుంటే చాలు.

గ్రెమి చిన్న గుట్ట మీద కోట, చర్చి కలిసి ఉన్న చోటు. ఒకప్పుడు కాఖేతి రాజ్యానికి రాజధాని. 1615లో పర్షియా షా అబ్బాస్ ఊరిని నేలమట్టం చేశాక మిగిలింది ఈ గుట్టే. 1565లో కట్టిన చర్చి లోపల చిత్రాలు అలవెర్ది కంటే బాగా నిలిచాయి. ఎక్కడానికి పది నిమిషాలు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే అలవెర్ది, గ్రెమి జోడీ సరిపోతుంది.

నెక్రెసి అంతకన్నా పాతది, అడవి నడుమ కొండ మీద ఉంటుంది. సొంత కారు పైకి వెళ్లనివ్వరు. కింద పార్కింగ్ నుంచి చిన్న బస్సు ఎక్కాలి. ఎండలో ఆ ఏటవాలు రోడ్డు నడిచి ఎక్కుదామని బస్సు టికెట్ మిగుల్చుకునేవాళ్లు దారి మధ్యలోనే పశ్చాత్తాప పడతారు. పైనుంచి లోయ మొత్తం కనిపిస్తుంది, గాలి కూడా తగులుతుంది. నడవలేని పెద్దవాళ్లుంటే గ్రెమి మానేసి నెక్రెసి పెట్టుకోండి, బస్సు దాదాపు గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

షుఆమ్తా పాత మఠం గొంబోరి రోడ్డుకి పక్కన, బీచ్ చెట్ల అడవిలో మూడు చిన్న రాతి చర్చిలు. టికెట్ లేదు, జనం లేరు, చల్లటి నీడ. తెలావి వెళ్తూ పొద్దున్నే అరగంట ఆగడానికి దీన్ని మించింది లేదు. ఇకాల్తో కూడా ఇలాంటిదే, 12వ శతాబ్దపు విద్యాపీఠం శిథిలాలు, ప్రాంగణంలో పాత క్వెవ్రిలు. రెంటిలో ఒకటే అంటే షుఆమ్తా.

బోడ్బే సిగ్నాగికి రెండు కి.మీ. జార్జియాకి క్రైస్తవం తెచ్చిన సెయింట్ నీనో సమాధి ఇక్కడుంది కాబట్టి జార్జియన్లకి ఇది తీర్థం. కట్టడంగా చూస్తే అంత విశేషం కాదు. కిందికి దిగితే పవిత్ర ఊట ఉంది. దిగడం హాయిగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో తిరిగి ఎక్కడమే గండం.

రాజుల ఇళ్లు

త్సినందాలి లేదా తెలావి కోట, ఒకటి చాలు, అది త్సినందాలి. కవి, సైనికాధికారి అలెగ్జాండర్ చావ్‌చావద్జె ఇల్లు ఇది. యూరప్ పద్ధతిలో వైన్ చేసి సీసాల్లో నింపడం జార్జియాలో ఇక్కడే మొదలైంది. నేలమాళిగలో 1814 నాటి సీసా ఉంది. ఆయన కూతురు నీనో రష్యన్ రచయిత గ్రిబోయెదోవ్‌ని 1828లో పెళ్లాడింది. మరుసటేడే ఆయన టెహ్రాన్‌లో గుంపు చేతిలో హతమయ్యాడు. 1854లో దాగెస్తాన్ ఇమామ్ షామిల్ మనుషులు ఈ ఇంటి మీద పడి కుటుంబంలోని ఆడవాళ్లని, పిల్లల్ని ఎత్తుకుపోయారు. మరుసటేడు షామిల్ కొడుకునీ, 40 వేల రూబుళ్లనీ ఇచ్చి విడిపించారు. ఈ కథ తెలుసుకుని వెళ్తే గదులు వేరేగా కనిపిస్తాయి. లేకపోతే పాత కుర్చీలూ, పియానో. తోట పెద్దది, చెట్లు గొప్పవి, సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది. ఇంట్లోకి ఐదు లోపే వెళ్లండి. ఇంకో మాట: "త్సినందాలి" పేరుతో అమ్మే తెల్ల వైన్ క్వెవ్రిది కాదు, యూరప్ పద్ధతిది. బాన రుచి కోసం వచ్చి ఇది కొనుక్కుని పోయేవాళ్లు చాలామంది.

వేసవిలో వదిలేయాల్సినవి

డేవిడ్ గరేజా గుహ మఠం అద్భుతమైనదే, కానీ ఏప్రిల్, మేలలో. చెట్టు లేని మెట్ట, వేసవిలో విషసర్పాల బెడద. పైగా మంచి కుడ్యచిత్రాలున్న పై ఉదాబ్నో గుహలు అజర్‌బైజాన్ సరిహద్దు వివాదంలో ఉన్నాయి, 2019 నుంచి జార్జియా వైపు నుంచి వెళ్లనివ్వడం లేదు. మిగిలింది కింద ఉన్న లావ్రా మఠం మాత్రమే. వష్లోవాని జాతీయ పార్కు కూడా అంతే, ఎండకి మాడిన మైదానం. తుషెతి అనే కొండసీమకి మాత్రం వేసవిలోనే వెళ్లాలి, ఎందుకంటే 2,800 మీటర్లు దాటిన అబానో కనుమ రోడ్డు జూన్ నుంచి అక్టోబరు మొదటి దాకానే తెరుస్తారు. అయితే దాన్ని ద్రాక్ష యాత్రకి తోకలా తగిలించకండి. దానికి మూడు రోజులు, ఫోర్ వీల్ బండి, ఆ దారి తెలిసిన డ్రైవరు కావాలి.

గంటల లెక్క

తెలావి వైపు ఒక్క రోజుకి: టిబిలిసిలో ఏడున్నరకి బయల్దేరండి. గొంబోరి కనుమ ఎత్తు 1,620 మీటర్లు, మలుపులు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి, ఖాళీ కడుపుతో రాకూడదు. తొమ్మిదికి షుఆమ్తా, పదిన్నరకి అలవెర్ది, పన్నెండుకి గ్రెమి. ఒంటిగంట నుంచి మూడు దాకా క్వారెలి సొరంగం, భోజనం. నాలుగుకి త్సినందాలి. ఐదున్నరకి తెలావి దగ్గర ముందే మాట్లాడుకున్న మరాని. చీకటి పడకముందే కనుమ దాటండి, రాత్రి రోడ్డు మీద ఆవులు పడుకుని ఉంటాయి. మధ్యాహ్నం మబ్బు పట్టి వడగళ్లు పడొచ్చు. ఇక్కడ వడగళ్లంటే తోటలు తుడిచిపెట్టేంతవి. మేఘాల్లోకి రాకెట్లు పేల్చే ఏర్పాటే ఉంది, చప్పుడు వింటే కంగారు పడకండి.

కారు అద్దెకి తీసుకుంటే నడిపేవాళ్లు రుచి కూడా చూడకూడదు. జార్జియాలో పరిమితి లీటరు రక్తానికి 0.3 గ్రాములు, అంటే ఒక గ్లాసుకే దాటిపోవచ్చు. నలుగురుంటే డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే చవక. ఒంటరిగా వెళ్లే విద్యార్థులకి చిన్న వ్యాన్లు, మార్ష్రుత్కాలు ఉన్నాయి: సిగ్నాగికి సమ్‌గోరి మెట్రో దగ్గర, తెలావికి షేర్ టాక్సీలు ఇసాని మెట్రో దగ్గర. తెలావి దాకా అలా వెళ్లి అక్కడ టాక్సీని ఐదారు గంటలకి మాట్లాడుకోవచ్చు. ఆగే చోట్లన్నీ కాగితం మీద రాసి చూపించి, ధర ఖాయం చేసుకున్నాకే ఎక్కండి.

గ్లాసు, పళ్లెం, సీసా

మరానిలో మామూలుగా నాలుగు రకాలు, ఒక్కోటి 50 మి.లీ. చొప్పున పోస్తారు. మొత్తం 200 మి.లీ., ఇదేం పెద్ద లెక్క కాదు. దెబ్బ కొట్టేది చివర్లో వచ్చే చాచా. ద్రాక్ష పిప్పి నుంచి దించిన సారా, ఇంట్లో చేసినదైతే 50 శాతం ఉండొచ్చు. అదొక్క చిన్న గ్లాసు, అప్పటిదాకా తాగిన నాలుగింటికీ సమానం. ఖాళీ కడుపు, ఎండ, చాచా కలిస్తే మిగతా రోజు బండిలో పడుకోవడమే. "త్సోటా", అంటే కొంచెం, అనే మాట నేర్చుకోండి. తాగనివాళ్లకి డబ్బు లెక్కేస్తారా లేదా అన్నది ఫోన్‌లోనే అడిగేయండి.

శాకాహారులకి కాఖేతి పస్తు పెట్టదు. మట్టికుండలో ఉడికిన రాజ్మాలాంటి లోబియో, అక్రోటు ముద్ద నింపిన వంకాయ బద్రిజాని, కూరగాయల అజప్‌సందాలి, జున్ను రొట్టె ఖాచపురి ఎక్కడైనా దొరుకుతాయి. మత్సోని అచ్చం మన పెరుగే. ఊరగాయ సీసా ఒకటి సంచిలో ఉంటే లోబియోకి బాగా తోడవుతుంది. సిగ్నాగి దారిలో బదియౌరి దగ్గర తోనే అనే మట్టి పొయ్యిలోంచి తీసిన షోతి రొట్టె వేడిగా కొనండి, చల్లారితే తోలులా సాగుతుంది. దారానికి గుచ్చిన అక్రోట్లని పిండి కలిపి మరిగించిన ద్రాక్షరసంలో ముంచి ఆరేసేది చుర్చ్‌ఖేలా. అది శరదృతువు సరుకు, జులైలో దొరికేది కిందటేడుది. వంచి చూడండి. కొద్దిగా వంగితే కొనొచ్చు, కర్రలా ఉంటే వద్దు. మెరిసే ఎరుపు, ఆకుపచ్చ రంగులవి అసలు ముట్టుకోకండి.

సీసాలు కొనడానికి సాయంత్రం చివరి మజిలీ దాకా ఆగండి. పొద్దున కొని కారు డిక్కీలో పెడితే ఆ వేడికి వైన్ ఉడికిపోతుంది, బిరడా పైకి తోసుకొస్తుంది. తీపి ఇష్టమైనవాళ్లకి క్వారెలి వైపు సపెరవితో చేసే కిండ్జ్‌మరౌలి నచ్చుతుంది. దానిలోని తీపి పులియడాన్ని మధ్యలో చల్లబరిచి ఆపడం వల్ల మిగిలిన ద్రాక్ష చక్కెరే. అందుకే అదే పేరుతో రోడ్డు పక్క ప్లాస్టిక్ సీసాల్లో అమ్మేదాన్ని నమ్మలేం. వగరు, గాఢత కావాలంటే ముకుజాని. ఇంటికి నేరుగా హైదరాబాద్ వచ్చేట్టయితే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. సూట్‌కేసు మధ్యలో, బట్టల నడుమ, ఒక్కోటి విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. క్వెవ్రి వైన్ మరక తెల్ల చొక్కాకి అంటితే వదలదు.